ఎడమ భుజం మీదుగా ఒక చూపు

పగ పట్టడం మణెమ్మకు చేతకాదని మానవపాడు చుట్టుపక్కల అందరూ అనుకునేవాళ్లు. ఎవరైనా నోరు పారేసుకుంటే రెండు మాటలని ఊరుకునేది. అన్యాయం జరిగితే గొణుక్కుంటూ పనిలో పడిపోయేది. అలాంటి మనిషి రెండేళ్లపాటు ఒకే ఒక్క కోపాన్ని కడుపులో పెట్టుకుని, అది చల్లారకుండా కాపాడుకుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ కాపాడుకుంది. అందుకు ఆమెను తప్పుపట్టే ముందు, జరిగింది వినండి.

మణెమ్మది విత్తనపత్తి చేన్లలో క్రాసింగు పని. గద్వాల వైపు ఆ పని తెలియని ఆడకూలీ ఉండదు. చేనులో ఆడసాళ్లు, మగసాళ్లు విడివిడిగా వేస్తారు. మరునాడు విచ్చుకోబోయే ఆడమొగ్గను సాయంత్రం పూట పట్టుకుని, బొటనవేలి గోటితో చుట్టూ గీరి, రేకులతో పాటు పుప్పొడి గింజలన్నీ తీసేయాలి. నడిమి పుల్ల ఒక్కటే నిలవాలి. గుర్తుకు ఎర్రకాగితం చుట్టాలి. పొద్దున మగపువ్వు తెచ్చి ఆ పుల్లకు రుద్దాలి. నాలుగు పుప్పొడి గింజలు మిగిలిపోయినా ఆ మొగ్గ తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. ఆ గింజ విత్తనానికి పనికిరాదు. అలాంటివి ఎక్కువైతే కంపెనీవాళ్లు పరీక్షలో పంట మొత్తాన్ని పక్కన పడేస్తారు.

ఈ పనిలో ఆడవాళ్లకు ఒక గుట్టుంది. రైతుకు తెలియదు, రైతు పెళ్లానికి కూడా తెలియదు. చేను యజమాని పచ్చిబూతులు తిట్టిన రోజున, మంచినీళ్లు కూడా పోయని రోజున, కడుపు మండిన కూలీ ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తుంది. గట్టు మీద ఎవరూ లేకపోతే మొగ్గ అడుగున ఉన్న పుప్పొడి గింజల వరసను గీరకుండా వదిలేసి, పైన ఎర్రకాగితం చుట్టేస్తుంది. ఎవరైనా చూస్తుంటే మాత్రం ఆ గోరు అడుగుదాకా పోతుంది. అలా ఏ పదో పదిహేనో మొగ్గలు చేసి కోపం తీర్చుకుని మళ్లీ మామూలుగా పని చేసుకుంటారు. మణెమ్మ తన ఇరవై రెండు మంది గుంపుకు మేస్త్రి. ఆ పని ఎవరు చేసినా వీపు మీద ఒక్కటి వేసేది. పద్దెనిమిదేళ్లలో ఆమె గోరు ఒక్క మొగ్గను కూడా మోసం చేయలేదు.

రాఘవేందర్ విత్తన కంపెనీకీ రైతులకూ మధ్య నిలబడే ఆర్గనైజరు. సొంతంగా కూడా నలభై ఎకరాలు వేస్తాడు. మంచివాడని చెప్పలేం, మరీ చెడ్డవాడనీ అనలేం. నడుం మీద రెండు చేతులు పెట్టుకుని గట్టు మీద నిలబడటం అతని అలవాటు. అలా నిలబడాల్సిన పని కూడా లేకుండా ఒక ఏడు కంపెనీ అతనికి కొత్త ఏర్పాటు చేసిపెట్టింది. ప్రతి కూలీ మెడలో ఒక ఫోను. ఎవరు గంటకు ఎన్ని మొగ్గలు తీశారో అది చూస్తుంది. వెనకబడ్డ వాళ్ల పేర్లు సాయంత్రానికి ఎర్రగా మారతాయి. రెండుసార్లు పేరు ఎర్రగా మారితే గుంపు మొత్తం మరుసటి రోజు రానక్కర్లేదు.

ఆ ఏడు మణెమ్మ కూతురు రేఖ ఏడునెలల గర్భిణి. అప్పటికే ఒకసారి ఆమె పేరు ఎర్రగా మారింది.

"సారూ, పొల్ల వొంగలేకపోతుంది. కాగితాలు కత్తిరించే పని చెప్పు, నీడకు కూసుంటది" అని మణెమ్మ అడిగింది.

"నా చేతుల ఏముంది మణెమ్మా? ఎవరికేం పని చెప్పాలనో మిషనే చెప్తుంది. నేను మారిస్తే పైనోళ్లు నన్ను అడుగుతరు" అన్నాడు రాఘవేందర్.

తన వల్ల ఇరవై రెండు మంది పని పోతుందని రేఖ నడుం ఎత్తలేదు. మరునాడు మిట్టమధ్యాహ్నం ఆడసాళ్ల మధ్య పడిపోయింది. ఆటోలో గద్వాల దవాఖానకు చేరేసరికి చీర కింది సగమంతా తడిసిపోయింది. మగపిల్లాడు. ఏడవలేదు. మణెమ్మ ఆ పసివాణ్ని తన కొంగులో పెట్టుకుని దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉండగానే మెడలోని ఫోను టింగుమంది. రేపటి జాబితా వచ్చింది. రేఖ పేరు ఎర్రగా ఉంది. పక్కన, పని మధ్యలో వదిలి వెళ్లింది అని రాసి ఉంది.

మూడోరోజు ఆమె రాఘవేందర్ ముందు నిలబడింది. అతనే అన్నాడు.

"నేనేం జేసిన మణెమ్మా? పేరు నేను కొట్టేయలే. మిషను చేసింది. దాంతోని మనమేం మాట్లాడుతం?"

ఆ మాట ఆమె లోపల ముల్లులా దిగింది. కొట్టిన చెయ్యి కనబడితే ఆ చెయ్యిని తిట్టవచ్చు, మన్ను తీసి పోయవచ్చు. ఇక్కడ చెయ్యే లేదు. ఇంత పెద్ద దెబ్బ కొట్టి, కొట్టినవాడు ఎవడూ లేడంటారేమిటి? ఆ రోజు నుంచి ఆమె నిద్రలోనూ పళ్లు కొరికేది.

మరుసటి ఏడు వానలు పడ్డాక కంపెనీ తరఫున సుహాసిని అనే ఇంజనీరు వచ్చింది. వనపర్తి పిల్ల, అక్కడే చదువుకుంది. మర్యాదగల పిల్ల, గట్టు మీద కూర్చుని కూలీల జొన్నరొట్టెలో తునక అడిగి తినేది. మేస్త్రి గనక మణెమ్మ నుదుటికి ఒక పట్టీ కట్టి, దానికి అగ్గిపెట్టె అంత కెమెరా బిగించింది. రాఘవేందర్ పెరటిచేనులో ఎకరం మడి ఇందుకే కేటాయించారు. ఆ మడి పత్తి విత్తనానికి కాదు, నేర్పడానికే.

"మణెమ్మక్కా, నీ గోరుకు సాటి లేదని అందరూ చెప్తుండ్రు. నీ పనే మిషనుకు నేర్పిస్తం" అంది సుహాసిని.

"అది చూస్తే నేర్చుకుంటదా? తిట్టాలె, కొట్టాలె, అప్పుడు గద నేర్చేది."

"తిట్టనక్కర లేదక్కా. నువ్వు ఏం చూస్తవో అది చూస్తది. చూసినంక నీ చెయ్యి ఏం చేస్తదో అదే చేస్తది."

"మంచిదా చెడ్డదా అని అడగదా?"

సుహాసిని నవ్వింది. "అడగదు. నువ్వు చేసిందే దానికి మంచి. నీ చెయ్యి ఒక్క పత్తికే కాదక్కా. రేపు చేత్తోని చేసే పని ఏది నేర్పాలన్నా దీని మీదనే కట్టుకుంట పోతం."

చివరి మాట మణెమ్మ వినలేదు. చెవులు అంతకు ముందు మాట దగ్గరే ఆగిపోయాయి. ఏం చూస్తే అది చూస్తుంది. తరువాత చెయ్యి ఏం చేస్తే అది చేస్తుంది. మంచీ చెడూ అడగదు. ఆమెకు ఏడాది తరువాత మొదటిసారి ఊపిరి హాయిగా ఆడింది.

ఆ సాయంత్రం మొదటి మొగ్గ పట్టుకుంది. రాఘవేందర్ వెనక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గోరు అడుగుదాకా పోయింది, పుల్ల శుభ్రంగా నిలిచింది. సుహాసిని చప్పట్లు కొట్టింది. ఇద్దరూ చెట్ల కిందికి చాయ్ తాగడానికి వెళ్లారు. మణెమ్మ ఎడమ భుజం మీదుగా తిరిగి చూసింది. గట్టు ఖాళీ. మొగ్గ అడుగున వరసను అలాగే వదిలేసి ఎర్రకాగితం చుట్టింది.

నలభై రోజులు అదే పని. మనిషి కనబడితే నికార్సైన పని. కనబడకపోతే అడుగు వరస మిగిలిపోతుంది. ఏ ఒక్క మొగ్గ దగ్గరా ఆమె ఆ చూపు మరిచిపోలేదు. మెడ నొప్పి పుట్టేది. రాత్రి వేన్నీళ్లు కాచుకుని కాపడం పెట్టుకుని, పొద్దున మళ్లీ వెళ్లేది. వదిలేసిన ప్రతి వరసకూ లోపల ఒక మాట అనుకునేది, ఇది నా మనవడికి అని. గుంపులో పాతమనిషి బాలమ్మ ఒకనాడు పక్కసాలులోంచి చూసి బిత్తరపోయింది.

"నువ్వేనా అక్కా గిట్ల చేసేది? మేం చేస్తే వీపు పగలగొడ్తివి గద!"

"నోరు మూసుకుని నీ సాలు నువ్వు చూస్కో బాలమ్మా. నేను మొగ్గకు చేస్తలేను, దానికి నేర్పిస్తున్న" అంది మణెమ్మ.

బాలమ్మ ఆమె కళ్లలోకి చూసి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వీడియోలన్నీ సుహాసిని గద్వాలలో గది తీసుకుని కూర్చుని చూసింది. వదిలేసిన వరస బొటనవేలి చాటున ఉండిపోయింది. కనబడినా ఆమెకు తెలిసేది కాదు, ఆమె పత్తిచేనులో ఎన్నడూ వంగిన మనిషి కాదు. మేస్త్రి మాటిమాటికీ వెనక్కి చూడటం మాత్రం గమనించి, పాపం గుంపు మీద ఎంత శ్రద్ధ అనుకుంది.

తరువాతి ఏడు యంత్రాలు వచ్చాయి. చిన్న చిన్న చక్రాల బండ్లు, ఒక్కోదానికి రెండు చేతులు, పైన కాడకు ఒక కన్ను. గద్వాల శివార్లలో షామియానా వేసి పెద్దలందరినీ పిలిచారు. మణెమ్మకు శాలువా కప్పారు. పూలదండ వేసిన యంత్రం కుండీలో ఉన్న పత్తిచెట్టు దగ్గరకు వచ్చింది. మొగ్గ పట్టుకుంది. పట్టుకుని, కన్నును మెల్లగా ఎడమవైపుకు తిప్పి వెనక్కి చూసింది.

"అరే, మనకు నమస్తే పెడ్తుందిరా!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

రెండు వందల మంది నిలబడి చూస్తున్నారు మరి. యంత్రం మొగ్గను అడుగుదాకా గీరింది. పుల్ల మీద ఒక్క గింజ లేదు. కంపెనీ పెద్దలు భూతద్దం పెట్టి చూసి తలలూపారు. వెనక వరసలో శాలువా కప్పుకుని కూర్చున్న మణెమ్మ ఆ కన్ను మీంచి చూపు తిప్పలేదు. తన మెడ, తన చూపు, తన గోరు. అది నేర్చుకుంది.

ఆ వానాకాలం రాఘవేందర్ ఆడకూలీలందరికీ సెలవు చెప్పేశాడు. గుంపు రాయచూరు వైపు మిరపచేన్లకు పోయింది. నలభై ఎకరాలు సరిపోవని ఇంకో అరవై కౌలుకు తీసుకుని యంత్రాలను వదిలాడు. అవి తిండి అడగవు, సెలవు అడగవు, కడుపుతో ఉండవు. గట్టు మీద అతను నిలబడినప్పుడల్లా మణెమ్మ చేసినట్టే పని చేశాయి. అతను ఇంటికి పోయాక కూడా మణెమ్మ చేసినట్టే చేశాయి.

ఎండలు ముదిరేసరికి పరీక్షల ఫలితాలు వచ్చాయి. వంద ఎకరాల గింజా పనికిరాదన్నారు. ఒక్క సంచీ కూడా మిగల్లేదు. రాఘవేందర్ చేనులో ఇంకా మొగ్గ తొడుగుతున్న నాలుగు చెట్ల దగ్గర యంత్రాన్ని పెట్టి మూడు రోజులు తిండి మాని దాని పక్కనే నిలబడి చూశాడు. మూడు రోజులూ ఒక్క తప్పు లేదు. పిచ్చెత్తినట్టయి మణెమ్మ గుమ్మం ముందుకు వచ్చాడు. అంతకు ముందెన్నడూ ఆ వాడలో కాలు పెట్టని మనిషి.

"మణెమ్మా, నీకు దండం పెడ్త. ఒక్కసారి వచ్చి చూడు. యాడ తప్పు పోతుందో నాకైతే తెలుస్తలేదు" అన్నాడు. కళ్లు లోతుకు పోయాయి, గడ్డం మాసింది.

ఆమె వెళ్లింది. కాదని ఎలా అంటుంది, ఈ క్షణం కోసమేగా బతికింది! ఇద్దరూ యంత్రం పక్కన నిలబడ్డారు. అది తిరిగి చూసింది, ఇద్దరినీ చూసి, మొగ్గను ముత్యంలా తీసింది.

"మంచిగనే చేస్తుంది గద సారూ" అంది మణెమ్మ.

"మరి ఎందుకు గిట్లయింది? నా కొంప మునిగింది మణెమ్మా, ఎందుకు గిట్లయింది?"

ఆమె అతని ముఖంలోకి సూటిగా చూసింది. రెండేళ్లుగా నాలుక కింద దాచుకున్న మాట అది. తొందరపడకుండా, ఒక్కో ముక్కా రుచి చూస్తూ చెప్పింది.

"నేనేం జేస్త సారూ? మిషను చేసింది. దాంతోని మనమేం మాట్లాడుతం?"

రాఘవేందర్‌కు ఆ మాట గుర్తుందో లేదో తెలియదు. గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. మణెమ్మ వెనక్కి తిరగకుండా ఇంటికి నడిచింది. ఆ పూట జొన్నరొట్టె రెండు ఎక్కువ తిన్నది. రేఖకు మళ్లీ ఎనిమిదో నెల నడుస్తోంది. లోకంలో ఉన్న న్యాయమంతా తన వాకిట్లోకే వచ్చిందని ఆమెకు అనిపించింది.

పదిరోజులకు రేఖ కాళ్లు వాచాయి, కళ్లు తిరిగాయి. బీపీ బాగా ఎక్కువగా ఉందనీ, తగ్గకపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమనీ గద్వాలలో చెప్పారు. అల్లుడు అరుణ్ వనపర్తిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయి చేర్చాడు. పెద్ద గది, ఆరు మంచాలు, మధ్యలో తెరలు. రెండు రోజులు గడిచినా బీపీ దిగలేదు.

"మందు గంట గంటకు పోతనే ఉంది. ఎందుకు తగ్గుతలేదో సమజైతలేదు" అని నర్సు డాక్టరుతో అంటుంటే మణెమ్మ విన్నది.

మూడోరోజు మధ్యాహ్నం అరుణ్ మందుల కోసం కిందికి పోయాడు. రేఖ మగతలో ఉంది. మణెమ్మ మంచం పక్కన నేల మీద చాప వేసుకుని, గోడకు చేరగిలబడింది. తెర పక్కకు జరిగింది. చక్రాల చప్పుడు. ఇక్కడ ఇంజెక్షన్లు చేసేది కూడా యంత్రమే, వచ్చి ఆర్నెల్లయిందట. తెల్లగా, శుభ్రంగా, రెండు చేతులతో ఉంది. తను మేలుకుని ఉన్నప్పుడు అది నర్సు వెంట రావడమే చూసింది గనక మణెమ్మ దాని వంక సరిగా చూడలేదు. ఈసారి అది ఒక్కటే వచ్చింది. చిన్న మందుసీసా తీసి సూది గుచ్చింది.

అప్పుడు కన్నును మెల్లగా ఎడమవైపుకు తిప్పి, వెనక్కి చూసింది.

నేల మీద కూర్చున్న మనిషి దానికి కనబడలేదు. సీసాలో మందు సగం పైగా లాగి, అడుగున ఉన్నది అలాగే వదిలేసి, సూది బయటికి తీసింది.

"ఏయ్!" అని అరుస్తూ ఆమె లేచి నిలబడింది.

కన్ను ఆమె మీద ఆగింది. యంత్రం తొణకలేదు. సూదిని మళ్లీ సీసాలోకి దించి, అడుగు చుక్కదాకా లాగి, కొలత సరిచూసుకుని, రేఖ చేతికున్న గొట్టంలోకి ఎక్కించింది. ఎంత నికార్సైన పని! మనిషి చూడని ప్రతిసారీ, రెండు రోజులుగా తన బిడ్డకు సగం మందే పోతోంది. మిగతా సగం వదిలేస్తున్నది ఎవరి చెయ్యో ఆమెకు తెలుసు.

ఆమె సుహాసినికి ఫోను చేసింది. దాచకుండా మొత్తం చెప్పింది, ఎందుకు చేసిందో కూడా చెప్పింది.

"బిడ్డా, నేను నేర్పింది తీసేయ్. నీ కాళ్లు మొక్కుత, తీసేయ్."

"ఏది నీదో ఎట్ల తెలుస్తదక్కా?" అంది సుహాసిని. "లక్షల చేతులు కలిసిపోయినయ్ అందుల. నీ మీదనే కట్టినం, దాని మీద ఇంకోటి కట్టినం. ఎన్ని ఊర్లకు పోయిందో నాకే తెల్వదు. నేను పైనోళ్లకు చెప్త, ఇప్పుడే బయల్దేరుత. అందాక అక్కడ మందు మనుషులతోనే ఇప్పియ్యి."

మణెమ్మ పరుగున పోయి నర్సు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నర్సు కూర్చుని మణెమ్మ చెప్పేదంతా ఓపిగ్గా వింది. ఆసుపత్రిలోని అరవై మంచాలకూ ఇద్దరే నర్సులు, మిగతా వాళ్లను యంత్రం వచ్చాక పంపేశారు. ఆమె యంత్రం పక్కన నిలబడి ఇంకో సీసా చేయించి చూపించింది. ఒక్క చుక్క మిగల్లేదు.

"చూడమ్మా, మాకంటే మంచిగ చేస్తుంది. నువ్వు మూడు రోజుల నుంచి నిద్ర లేక గిట్ల పరేషాన్ అవుతున్నవ్. కూసో" అని భుజం తట్టి, ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

ఎంత చక్కగా నేర్పింది! ఎవరు చూసినా తప్పు దొరకకుండా, నలభై రోజులు మెడ నొప్పి పుట్టేలా నేర్పింది. తన కోపానికి దారి చూపించిన తెలివే ఇప్పుడు తన నోరు నొక్కింది. రాఘవేందర్ మూడు రోజులు తిండి మాని నిలబడింది ఇలాంటి చోటే కదా అని మొదటిసారి తట్టింది. అతని మీద జాలి కలగలేదు. ఇంకా కలగలేదు. కానీ కడుపులో రెండేళ్లుగా మండిన మంట ఇప్పుడు తన వైపుకే తిరిగింది.

రేఖ మంచం దగ్గర యంత్రం పని ముగిసింది. తెర జరుపుకుని పక్క మంచానికి పోయింది. అక్కడ నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన పిల్ల పడుకుని ఉంది, తొలిచూలు. తల్లి అన్నం తెస్తానని పోయింది. తెర అవతల చక్రాలు ఆగిన చప్పుడు, సీసా తీసిన చప్పుడు వినబడ్డాయి.

"అమ్మా, ఏడికి పోతున్నవ్?" రేఖ కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఈడనే ఉన్న బిడ్డా. గంటదాకా నీ కాడికి రాదది. వచ్చేసరికి వస్త."

మణెమ్మ తెర పక్కకు లాగింది. కన్ను ఎడమవైపు తిరుగుతూ తిరుగుతూ ఆమె మీద ఆగింది. ఆమె కదలకుండా నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. గట్టు మీద రాఘవేందర్ అలాగే నిలబడేవాడు. యంత్రం సూదిని అడుగుదాకా దించి పని పూర్తి చేసింది. తరువాత మూడో మంచం. తరువాత నాలుగోది. ఆమె దాని వెంట ఒక్కో మంచానికీ నడిచింది. ప్రతి మంచం దగ్గరా ఆ కన్ను ఒకసారి వెనక్కి తిరిగి, ఆమె ఇంకా ఉందా, పోయిందా అని చూసింది.